స్టాల్ హారన్ మోగితే చేతులు బిగుసుకుపోతున్నాయి... ఏరోబాటిక్స్ కోర్సు చేస్తే భయం పోతుందా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. నాకు 21 ఏళ్లు. పక్క రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) శిక్షణలో ఉన్నాను. ఇప్పటికి 46 గంటలయ్యాయి, అందులో 9 గంటలు సోలో, అంటే ఒంటరిగా. రన్‌వే చుట్టూ తిరిగి వచ్చే సర్క్యూట్లు, ల్యాండింగ్‌లు బాగానే వస్తున్నాయి. స్టాల్స్ (రెక్క గాలిని పట్టుకోలేక విమానం పడిపోవడం) అంటేనే భయం. స్టాల్ దగ్గరపడుతోందని హెచ్చరించే హారన్ మోగగానే చేతులు బిగుసుకుపోతాయి. పది రోజుల కింద సెస్నా 172లో పవర్ ఆన్ స్టాల్ చేస్తుంటే ఎడమ రెక్క ఒక్కసారిగా పడిపోయింది. యోక్‌ను కుడికి తిప్పాను, ఇంకా ఎక్కువ పడింది. ఇన్‌స్ట్రక్టర్ సార్ గట్టిగా అరిచి కంట్రోల్స్ లాక్కున్నారు. దిగాక "నీకిది అచ్చిరాదు" అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. కడుపునొప్పి అని చెప్పి రెండు సార్టీలు (శిక్షణ ఫ్లైట్లు) ఎగ్గొట్టాను. విదేశంలో, గాల్లో పల్టీలు కొట్టడం నేర్పే వారం రోజుల ఏరోబాటిక్స్ కోర్సు చేస్తే భయం మొత్తం పోతుందని ఒక సీనియర్ అంటున్నాడు. ఖర్చు లక్షల్లో ఉంది. ఇప్పటికే మా బాపు పరకాల దగ్గర ఎకరంన్నర అమ్మి, అది చాలక లోన్ తీసి కట్టారు. బాగా ఒరిగి తిరిగే స్టీప్ టర్న్‌లు చేస్తే వాంతి వచ్చినట్టుంటుంది, మెడికల్‌లో పోతుందేమోనని ఇంకో టెన్షన్. కోర్సు చేయాలా, మానేయాలా? పేరు వేయకండి.

జవాబు: ముందు అడిగినదానికి సూటిగా చెప్తాను. మానేయొద్దు. ఏరోబాటిక్స్ కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టొద్దు. ఎగ్గొట్టిన సార్టీలకు ఈ వారంలోనే వెళ్లు. అయితే గాల్లో ఏం చేయబోతున్నారో ఇన్‌స్ట్రక్టర్‌తో నేల మీద కూర్చుని మాట్లాడుకున్నాకే వెళ్లు. "నువ్వు" అంటున్నాను, ఏమనుకోకు బిడ్డా, నాకు నీ ఈడు మనవరాలుంది.

నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది: "యోక్‌ను కుడికి తిప్పాను, ఇంకా ఎక్కువ పడింది." బాగా భయపడ్డవాళ్లను దిగాక అడిగితే, "ఏమో సార్, అంతా తిరిగింది" అంటారు. నువ్వు మాత్రం ఏ రెక్క పడింది, నీ చేయి ఎటు తిరిగింది, దానికి విమానం ఏం చేసింది, మూడూ వరుసగా రాశావు. ఆ క్షణంలో నువ్వు కళ్లు మూసుకోలేదు. అచ్చిరాదన్న మాటకు నా దగ్గరున్న జవాబు అదే.

ఇక ఆ ఎడమ రెక్క సంగతి. పవర్ ఆన్ స్టాల్‌లో ఇంజిన్ గట్టిగా లాగుతుంటుంది, ముక్కు పైకి ఉంటుంది, వేగం పడిపోతుంటుంది. నీ సీట్లోంచి చూస్తే సెస్నా ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరుగుతుంది. ముక్కు ఎత్తి నెమ్మదిగా పోయేటప్పుడు కిందికి దిగే బ్లేడు, అంటే కుడివైపుది, గాలిని ఎక్కువగా పట్టి లాగుతుంది. దానికితోడు ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి మెలికలు తిరుగుతూ పోయి తోకను ఎడమ పక్కనుంచి కొడుతుంది. రెండూ కలిసి ముక్కును ఎడమకు నెడతాయి. దాన్ని ఆపేది నీ కుడి పాదం ఒక్కటే. వేగం తగ్గేకొద్దీ, పెడల్ తొక్కితే కదిలే తోక పలక, అంటే రడ్డర్‌లో పస తగ్గిపోతుంది కాబట్టి ఇంకా ఇంకా తొక్కాలి. ఆ రోజు నీ పాదాలు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకో. పెడల్స్ మీద ఊరికే ఆనించి ఉంటావని నా అనుమానం. టర్న్ కోఆర్డినేటర్ అడుగున గాజు గొట్టంలో ఒక నల్ల గోళీ ఉంటుంది కదా, అది అప్పటికే కుడి మూలకు జారిపోయి ఉంటుంది. గోళీ ఎటు జారితే ఆ పెడల్ తొక్కమని మొదటి వారంలోనే చెప్పి ఉంటారు. హారన్ మోగుతుంటే గోళీ ఎవరికి గుర్తుంటుందిలే.

ముక్కు అలా ఎడమకు జారుతుండగా స్టాల్ అయింది, అందుకే ఎడమ రెక్క ముందు పడింది. నువ్వు చేసిన పని బండి నడిపేవాళ్లందరూ చేసేదే: ఎడమకు ఒరిగింది, కుడికి తిప్పుదాం. మామూలుగా ఎగిరేటప్పుడు అది సరైన పనే. స్టాల్‌లో తప్పు. యోక్ కుడికి తిప్పితే ఎడమ రెక్క చివర ఏలిరాన్ అనే కదిలే పలక కిందికి దిగుతుంది. అంటే అసలే గాలిని పట్టుకోలేక పడిపోతున్న రెక్కను ఇంకాస్త ఏటవాలుగా గాలికి ఎదురు పెట్టావన్నమాట. అది ఇంకా లోతుగా స్టాల్ అయింది, గాలికి అడ్డు పెరిగి ముక్కును ఎడమకే లాగింది. అక్కడ ఇంకో రెండు సెకన్లు అలాగే ఉంటే స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి, పోయేదానివి. మీ సార్ అరిచింది అందుకే. అరిచిన తీరు గురించి తర్వాత మాట్లాడదాం, కంట్రోల్స్ తీసుకోవడం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైన పని.

రెక్క ఎప్పుడు స్టాల్ అవుతుంది? వేగం తగ్గినప్పుడు అని చాలామంది పిల్లలు బట్టీపట్టి చెప్తారు. నిజానికి అది కోణం లెక్క. ఎదురొచ్చే గాలికి, రెక్కకు మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటుకుని పారలేక చెదిరిపోతుంది. వేగం ఎంతున్నా సరే. నీ సెస్నా 172 కొత్త మోడల్ అయితే, పూర్తి బరువుతో, రెక్కల వెనక ఫ్లాప్స్ దించకుండా, ఒరగకుండా తిన్నగా ఎగిరేటప్పుడు 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుందని మాన్యువల్లో రాసి ఉంటుంది. అదే పేజీలో పక్క గడులు కూడా చూడు. 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా తిరుగుతుంటే 68 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది. ఆ టర్న్‌లో రెక్కలు రెండింతల బరువు మోస్తుంటాయి కాబట్టి వాటిని ఎక్కువ కోణంలో పెట్టక తప్పదు. ఆ కోణాన్ని పెంచేది నీ చేయే, వెనక్కి లాగడం ద్వారా. తగ్గించేదీ ఆ చేయే.

నీ జబ్బు భయం కాదనుకుంటున్నాను బిడ్డా. పట్టు. హారన్ మోగగానే చేతులు బిగుసుకుంటున్నాయన్నావు. బిగుసుకున్న చేయి మనకు తెలియకుండానే లాగుతుంది, తోయదు. భయపడ్డ మనిషి దేన్నైనా ఒంటికి దగ్గరగా లాక్కుంటాడు.

సంక్రాంతికి హనుమకొండలో పతంగులు ఎగరేసే ఉంటావు, లేకపోతే మీ అన్నదమ్ములకు చరక పట్టుకునైనా ఉంటావు. పతంగి ముక్కు కిందికి తిరిగినప్పుడు కొత్తవాడు ఏం చేస్తాడు? అయ్యో పోతుందని మాంజా లాగుతాడు. లాగిన కొద్దీ అది ఇంకా జోరుగా నేలకే దూసుకొస్తుంది. పక్క డాబా మీది పిల్లలు "ఢీల్ ఇయ్యిరా, ఢీల్ ఇయ్యి" అని మొత్తుకుంటారు. వదులు చేస్తే అది తనంతట తాను ముక్కు తిప్పుకుంటుంది, అప్పుడు లాగాలి. పడిపోయేదాన్ని కాపాడాలంటే వదలాలన్న సంగతి చేతికి ఎక్కడానికి ఒక పండగంతా పడుతుంది. నీకు నేర్పాల్సింది ఈ ఢీల్ ఒక్కటే. విమానంలో కాస్త ముందుకు తోయడం కూడా ఉంటుంది.

వేల గంటలు నడిపినవాళ్లకు కూడా ఇది ఒక్కోసారి అందలేదు. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. స్టాల్ హెచ్చరికగా కంట్రోల్ కాలమ్ గడగడలాడితే కెప్టెన్ దాన్ని వెనక్కి లాగాడు. అదే ఏడాది జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడిపోయింది, 228 మంది. ఆటోపైలట్ ఆగిపోయాక కుర్ర పైలట్ ముక్కు ఎత్తి పట్టాడు. హెచ్చరిక మోగుతున్నా దాదాపు చివరిదాకా లాగుతూనే ఉన్నాడు. వీటి తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2014లో పైలట్లకు అప్‌సెట్ రికవరీ, అంటే అదుపు తప్పిన విమానాన్ని నిలబెట్టుకునే శిక్షణ నిబంధనలు తెచ్చింది. నిన్ను బెదిరించడానికి ఇవి చెప్పడం లేదు. నీ చేతులు చేసిన పని నీ ఒక్కదానిదే కాదని చెప్తున్నాను. నువ్వు 46 గంటల దగ్గర, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా, కింద నాలుగు వేల అడుగుల ఖాళీ ఉండగా దాన్ని కనిపెట్టావు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది కాజీపేట, రైల్వే కుటుంబం. వరంగల్ పక్కన మామునూరు రన్‌వే నిజాం కాలంలో 1930లో వేసింది. చిన్నప్పుడు సైకిలేసుకుని దాని కంచె దాకా వెళ్లి నిలబడేవాణ్ని, ఎప్పుడైనా ఒక విమానం కనపడితే ఆ వారమంతా పండగే. 1981 తర్వాత అదీ లేకపోయింది. మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరేనంది, చూద్దాం. ఆ పిచ్చితోనే పోయి ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పుష్పక్ మీద నేర్చుకున్నాను. హెచ్ఏఎల్ వాళ్లు తయారుచేసిన, గుడ్డ అంటించిన రెక్కల రెండు సీట్ల విమానం అది. మొదటి స్టాల్‌కు నేను కంట్రోల్ వదిలేసి మా ఇన్‌స్ట్రక్టర్ చొక్కా చేయి పట్టుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. దిగాక చొక్కా ముడత సరిచేసుకుని, జేబులోంచి పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు. చూపుడు వేలి మీదుగా, మధ్య వేలి కిందుగా, మళ్లీ ఉంగరం వేలి మీదుగా పెన్సిల్‌ను దూర్చి, ఆ చేత్తోనే కంట్రోల్ పట్టుకోమన్నాడు. ప్రయత్నించి చూడు. గట్టిగా పట్టుకున్నావంటే పెన్సిల్ వేళ్లను నొక్కేసి నొప్పి పుడుతుంది. బొటనవేలు, రెండు వేళ్లతో అలా ఆనించి పట్టుకుంటేనే హాయిగా ఉంటుంది. వారం రోజులు ఆ పెన్సిల్‌తోనే తిరిగాను, హాస్టల్లో టీ గ్లాసు కూడా దాంతోనే పట్టుకునేవాణ్ని. పక్క మంచం వాడు నాకు పిచ్చిపట్టిందనుకున్నాడు.

ఇక హారన్. నీకు దాని మీదే ఎక్కువ భయంలా ఉంది. అదేంటో దగ్గరగా చూశావా ఎప్పుడైనా? సెస్నా 172లో ఎడమ రెక్క ముందంచున ఒక చిన్న కన్నం ఉంటుంది. అందులోంచి గొట్టం లోపలికి పోయి, కాక్‌పిట్ పైమూల దగ్గర ఒక రీడ్‌కు, అంటే అదిరే సన్నని పట్టీకి కలుస్తుంది. రెక్క కోణం పెరిగేకొద్దీ ఆ కన్నం దగ్గర గాలి పీడనం తగ్గి, లోపలి గాలిని బయటికి పీలుస్తుంది. రీడ్ అదురుతుంది, అదే నువ్వు వినే శబ్దం. మోటారు లేదు, బ్యాటరీ లేదు. గుళ్లో భజనలకు వాయించే హార్మోనియంలో ఉన్న సూత్రమే. రేపు ఎగిరే ముందు చేసే ప్రీఫ్లైట్ తనిఖీలో శుభ్రమైన రుమాలు ఆ కన్నం మీద పరిచి నోటితో పీల్చు. లోపల కూర్చున్న స్నేహితురాలికి హారన్ వినిపిస్తుంది. నాలుగైదుసార్లు వాయించు. గట్టిగా ఒకసారి, మెల్లగా ఒకసారి. నీ నోటితో మోగించిన దానికి నువ్వే గడగడలాడవు కదా. ఇంకో విషయం, స్టాల్‌కు 5 నుంచి 10 నాట్ల ముందే అది మోగుతుంది. మోగిందంటే రెక్క ఇంకా ఎగురుతూనే ఉందని అర్థం.

ఇప్పుడు మూడు సార్టీల సంగతి. మీ ఇన్‌స్ట్రక్టర్‌ను ఈ వరుసలో చేయించమని అడుగు. మొదటి దాంట్లో స్టాల్ మాటే ఎత్తొద్దు. నేలకు నాలుగు వేల అడుగుల పైన స్లో ఫ్లైట్, హారన్ అలా సన్నగా మోగుతూనే ఉండగా పది పదిహేను నిమిషాలు. ఎత్తు తగ్గకుండా, పది డిగ్రీలు అటు, పది డిగ్రీలు ఇటు ఒరుగుతూ తిరగండి. వేగం తగ్గాక కంట్రోల్స్ పెరుగులో గరిటె తిప్పినట్టు వదులుగా, బద్ధకంగా ఉంటాయి. గాలి హోరు తగ్గి ఇంజిన్ ఒక్కటే వినపడుతుంది. ఆ ఊళ్లో కాసేపు కాపురం చేస్తే గానీ భయం పోదు. చాలా స్కూళ్లలో ఇక్కడ రెండు నిమిషాలు గడిపి స్టాల్‌లోకి దూకుతారు. నాకది నచ్చదు. గంట లెక్కలు చూసుకుని నేర్పేవాళ్లు చేసే పని అది.

రెండోసారి ఆయన స్టాల్ చేస్తాడు, నువ్వు చేతులు, పాదాలు ఆనించి ఉంచి పైకి చెప్తూ ఉండు: "హారన్... వణుకు మొదలైంది... ముక్కు పడింది... తోశారు... పవర్." నోరు మాట్లాడుతుంటే ఊపిరి ఆడుతుంది, ఊపిరి ఆడితే పిడికిలి బిగుసుకోదు. ఆ తర్వాత నువ్వు చేయి. మొదట హారన్ దాకా వెళ్లి రావడం, తర్వాత వణుకు దాకా, చివర్న పూర్తి స్టాల్. ముందు పవర్ లేకుండా, మూడో సార్టీలో పవర్‌తో. పవర్ ఆన్‌లో నీ కళ్లు గోళీ మీద, కుడి పాదం పని మీద. రెక్క పడితే యోక్ నడిమధ్యన ఉంచి, తోసి, పాదంతో ఆపు. తోయడం అంటే తలకిందులుగా డైవ్ కొట్టడం కాదు. ముక్కు ఆకాశరేఖకు కాస్త కిందికి వస్తే చాలు, రెక్క మళ్లీ గాలిని పట్టేసుకుంటుంది. తోశాకే పవర్. అక్కడ లాగిన చేయి అలాగే ఉంచి థ్రాటిల్ కొట్టేవాళ్లు చాలామంది, ముక్కు ఎత్తి ఉండగా ఇంజిన్ అరిపిస్తే ఎడమ రెక్క కథ మళ్లీ మొదలవుతుంది.

ఇవన్నీ డ్యూయల్‌లోనే, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నప్పుడే. సోలోలో ఒంటరిగా స్టాల్స్ ప్రాక్టీస్ చేసి ధైర్యం తెచ్చుకుందామనే ఆలోచన వస్తే అక్కడికక్కడే కొట్టిపారేయ్.

మీ సార్ గురించి. నేనూ ఇన్‌స్ట్రక్టర్‌గా అరిచినవాణ్నే. ఒక కుర్రాడి మీద అరిచాను, తర్వాతి సార్టీలో వాడు విమానాన్ని చూడ్డం మానేసి నా మొహం చూడ్డం మొదలుపెట్టాడు. ఆ తప్పు నాది. మీ సార్ భయపడి అరిచి ఉంటాడు, స్టాల్‌లో ఏలిరాన్ తిప్పే విద్యార్థి పక్కన కూర్చుంటే ఎవరికైనా గుండె జారుతుంది. వెళ్లి, "సార్, ఆ రోజు నేను కుడి రడ్డర్ తొక్కలేదు, ఏలిరాన్ తిప్పాను, అది తప్పని తెలిసింది, మళ్లీ మొదటి నుంచి చేయిద్దాం" అని చెప్పు. తప్పు ఏంటో తెలిసి వచ్చిన విద్యార్థిని తిట్టే ఇన్‌స్ట్రక్టర్ తక్కువ. అప్పటికీ అచ్చిరాదంటే స్కూల్ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ (సీఎఫ్ఐ) దగ్గరికి వెళ్లి వేరే ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు. మార్చుకోవడం మామూలే, అందులో పరువు తక్కువ ఏమీ లేదు. కడుపునొప్పి కథ మాత్రం మానేయ్. "ఈ రోజు ఎగరడానికి బాగాలేదు" అంటే చాలు, పైలట్‌కు ఆ హక్కు ఉంది. అబద్ధం అలవాటైతే రేపు ఎయిర్‌లైన్‌లో జ్వరం దాచుకుని డ్యూటీకి పోతావు.

ఏరోబాటిక్స్ అంటే నాకు పడదని అనుకోకు. మొదటి లూప్, అంటే గాల్లో నిలువు గుండ్రం, 1913లో కీవ్‌లో రష్యా సైన్యం పైలట్ ప్యోటర్ నెస్తెరోవ్ కొట్టాడు. సర్కారు విమానాన్ని ప్రమాదంలో పెట్టినందుకు పది రోజుల అరెస్టు విధించారు, తర్వాత మనసు మార్చుకుని ప్రమోషన్ ఇచ్చారు. మన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ క్యాడెట్లకు లూప్‌లు, రోల్స్ (పక్కకు పల్టీలు) సిలబస్‌లోనే ఉంటాయి, వాళ్ల పని అలాంటిది. బీదర్ నుంచి ఎగిరే ఎయిర్ ఫోర్స్ విన్యాసాల జట్టు సూర్యకిరణ్ వాళ్లను చూస్తే నాకిప్పటికీ మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తే ఉంటుంది. కానీ సీపీఎల్ 200 గంటల్లో లూప్ లేదు. నువ్వు పోయి కూర్చుంటే ఏమవుతుంది? మంచి లూప్‌లో లాగేటప్పుడు మూడున్నర, నాలుగు జీ, అంటే ఒంటి బరువుకు అన్ని రెట్లు పడుతుంది. 55 కిలోల మనిషి 220 కిలోలవుతుంది. హారన్‌కే బిగుసుకునే చేతులు ఆ బరువులో ఇంకా బిగుసుకుంటాయి. వారంలో సగం రోజులు కవర్ పట్టుకుని కూర్చుంటావు, మిగతా సగం ఇన్‌స్ట్రక్టర్ చేసే విన్యాసాలు వీడియో తీసుకుంటావు. పీహెచ్‌డీ వాళ్ల క్లాసులో కూర్చోబెడితే గుణింతాలు రావు కదా.

సీపీఎల్ చేతికొచ్చాక, నీ చేయి వదులైందని నీకే తెలిశాక, డబ్బు కూడా కుదిరితే, స్పిన్, అప్‌సెట్ రికవరీ నేర్పే కోర్సు తప్పకుండా చెయ్యి. దానికోసమే సర్టిఫై అయిన విమానంలో, దానికోసమే అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో. అప్పుడు పెట్టే రూపాయికి విలువ ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, నీకంటే నీ సీనియర్‌కు ఎక్కువ అవసరం కావచ్చు. రీల్స్ కోసం ట్రైనింగ్ విమానాన్ని తిప్పే కుర్రాళ్లు ఉంటున్నారు. నార్మల్ క్యాటగిరీలో సెస్నా 172 పైకి 3.8 జీ, కిందికి 1.52 జీ వరకే సర్టిఫై అయింది. అదే కంపెనీ 152లో ఏరోబాట్ అనే మోడల్‌కు 6 జీ, మైనస్ 3 జీ ఉంటుంది, దాని సంగతి వేరు. 172లో రోల్ కొట్టబోయి సగంలో తలకిందులుగా ఉండగా వేగం చచ్చిందనుకో, చేయి ఏం చేస్తుంది? లాగుతుంది. ముక్కు నేలకు తిరిగి, చూస్తుండగానే వేగం డయల్ మీది ఎర్రగీత దాటుతుంది, బయటపడాలని లాగే లాగుడుకు రెక్కల లెక్క తప్పుతుంది. డీఏ 40 అనే ఇంకో ట్రైనింగ్ విమానంలో అయితే కావాలని స్పిన్ చేయడమే నిషేధం. మాన్యువల్లో రాసి ఉంటుంది, అది సలహా కాదు.

స్పిన్ గురించి ఒక్క లెక్క గుర్తుంచుకో. చిన్న విమానం ఒక చుట్టు తిరగడానికి దాదాపు మూడు సెకన్లు, ఆ చుట్టులో పోయే ఎత్తు సుమారు 500 అడుగులు. నువ్వు సర్క్యూట్‌లో బేస్ నుంచి ఫైనల్‌కు, అంటే దిగే ముందు రన్‌వేకు ఎదురుగా తిరిగేది కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే. రన్‌వే దాటిపోతున్నానని ఎడమ రడ్డర్ తొక్కి, ముక్కు పడుతుంటే లాగి, ఒరుగుడు ఎక్కువవుతుందని ఏలిరాన్ ఎదురు తిప్పితే... పది రోజుల కింద నువ్వు నాలుగు వేల అడుగుల పైన చేసింది ఇంచుమించు అదే. అక్కడ రికవరీ విద్య ఎంతొచ్చినా పనికిరాదు. దాటిపోతే దాటిపోనీ, దిగకుండా పైకి లేచి, గో అరౌండ్ చేసి మళ్లీ రా. అందుకే స్టాల్స్‌ను పరీక్ష కోసం గట్టెక్కాల్సిన పాఠంలా చూడొద్దంటున్నాను.

వాంతి విషయం. శిక్షణ మొదట్లో తిప్పినట్టుండటం మామూలే, చాలామందికి అలవాటయ్యేకొద్దీ తగ్గిపోతుంది. చెవి లోపలి బ్యాలెన్స్ ఒకటి చెప్తుంటే, కన్ను ఇంకొకటి చెప్తుంటుంది, కడుపు తిరిగేది ఆ గొడవకే. స్టీప్ టర్న్‌లో తల డయల్స్‌లోకి వంచకుండా ఆకాశరేఖ చూడు. ఖాళీ కడుపుతో పోవద్దు, అలాగని పూరీ కూర లాగించి పోవద్దు, రెండు ఇడ్లీలు చాలు. పొద్దున మొదటి స్లాట్ అడుగు. ఎండ ముదిరితే నేల కాగి గాలి పైకి తన్నుతుంది, మన రామగుండం వైపు మే నెల మధ్యాహ్నం ఏ చిన్న విమానంలో ఎక్కినా ఎడ్లబండిలో పోయినట్టే ఉంటుంది. అసలు ముఖ్యమైంది: బస్సు ప్రయాణానికి వేసుకునే వాంతి మాత్ర వేసుకుని ఎగరొద్దు. చాలావాటికి మత్తు ఉంటుంది. మెడికల్‌లో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. విమానంలో కడుపు తిప్పడం వేరు, నేల మీద కూర్చున్నా కళ్లు తిరగడం వేరు. రెండోది ఎప్పుడైనా ఉంటే మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్‌కు ముందే చూపించుకో.

చివరికి బాపు. చెప్పు. భూమి అమ్మినాయనకు బిడ్డ నిద్రపోవట్లేదని తెలిసే ఉంటుంది, కారణం తెలియకే ఇంకా కుమిలిపోతుంటాడు. లెక్క కూడా ఆయన ముందే వేయి: కావాల్సింది 200 గంటలు, అయినవి 46. మిగిలిన 154 గంటల్లో మూడు గంటలు స్టాల్స్ కోసం పెడుతున్నావు, అవి ఎలాగూ ఎగరాల్సినవే, పైసా అదనం కాదు. ఆ మూడు సార్టీలు అయ్యాక కూడా హారన్ వింటే ఒళ్లు చల్లబడుతుంటే, మళ్లీ రాయి. అప్పుడు మానేయడం గురించి మాట్లాడదాం, దాచిపెట్టను.

పెన్సిల్ ఒక్కటి జాగ్రత్త. చెక్కనిది తీసుకో, మొన ఉంటే గుచ్చుకుంటుంది. విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు, గాల్లో తిన్నగా ఎగిరేటప్పుడు వేళ్ల మధ్య పెట్టుకో. స్టాల్స్ మొదలుపెట్టే ముందు చెక్స్‌లో వదులు వస్తువులు ఏమీ ఉండకూడదని చదువుతావు కదా, అప్పుడు జేబులో వేసి జిప్ లాగేయ్. ముక్కు పడ్డప్పుడు అది ఎగిరి పెడల్స్ కిందికి దొర్లిందంటే మీ సార్ ఈసారి నా మీద అరుస్తాడు.